మొదటి నాడి

హెల్డుర్ గురువారాలు వచ్చేవాడు.
బూట్లకంటిన మంచు గుమ్మంలోనే దులిపి
కిటికీ పక్క మెత్తటి కుర్చీ వదిలేసి
తలుపు పక్క చెక్క కుర్చీలో కూర్చునేవాడు.
అరవై మూడేళ్లు. టార్టూ ఊళ్లో సగం పియానోలు
ఆయన చెవి చెప్పినట్టు వినేవి.

"కాఫీకి వాసన లేదు" అన్నాడు మొదటి వారమే.
రాసుకున్నాను: బతుకు మీద రుచి పోయింది.
"తీగ బిగించబోతాను, మధ్యలో చెయ్యి ఆగిపోతుంది,
ఎందుకో నాకే తెలీదు."
రాసుకున్నాను: తమ్ముడి చావు, ఏడవని ఏడుపు.
అప్పటికి నాకు ఇరవై ఎనిమిది.
మనస్తత్వశాస్త్రం పట్టా గోడ మీద, అద్దం వెనక.
ఏ మాట విన్నా
దాని వెనక ఇంకో మాట వెతకడం నేర్పారు మాకు.
ఆయన మాట వెనక ఏమీ లేదు.
కాఫీకి వాసన లేదంటే
కాఫీకి వాసన లేదు.

ఇరవై రెండు గురువారాలు.
ఎమాయిగి నది మంచు విడిచి ఒడ్డు దాటిన రోజుల్లో
వంతెన మీద కూలిపోయాడు.
స్కానులో చూపించారు:
నుదుటి వెనక, వాసన నాడిని అణగదొక్కి
కమలాపండంత గడ్డ.
"ఎన్నేళ్లుగానో పెరుగుతోంది, మెల్లగా" అన్నారు.
మెల్లగా.
తొందరేం లేదు, మెల్లగా వెళ్దాం అని
ప్రతి గురువారం నేనన్న మాటే.

కోసి తీశారు. బతికాడు.
చూడబోతే మంచం మీంచి నవ్వాడు:
"తమ్ముడి గురించా? అంత దిగులుపడ్డానా?
వాడికీ నాకూ ఎప్పుడూ పడేది కాదే!"
నా పుస్తకంలో నలభై పేజీల దుఃఖం
ఒక్క పూటలో దిక్కులేనిదైపోయింది.
ఎవరిదది? ఆయనదా, గడ్డదా,
లేక నేనే పోసి పెంచానా?
పరీక్షశాలలో సీసాలో తేలుతున్నదాన్ని
అడగాలనిపించింది.

మరుసటేడు వైద్యంలో చేరాను.
బెంచీ నిండా పద్దెనిమిదేళ్ల పిల్లలు.
వాళ్లకి ఒకసారి చదివితే వచ్చే ఎముకల పేర్లు
నాకు రాత్రి రెండైనా రావు.
"మనసు వదిలి మాంసంలోకి దిగావా?" అంది
పాత ఆఫీసులో లీవియా.
ఏమో, దిగానో ఎక్కానో.
మొదటిసారి మెదడు చేతుల్లో పెట్టినప్పుడు
చల్లగా, తడిగా, అనుకున్నదానికంటే బరువుగా ఉంటే
చెప్పుకోవడానికేమైనా ఉందేమోనని
కాసేపు ఆగాను. పాత అలవాటు.
"పక్కవాళ్లకివ్వండి" అన్నారు ప్రొఫెసర్ వైక్‌మాయె.

తలలో నాడులు పన్నెండు జతలు. మొదటిది వాసనది.
చాలామంది దాని జోలికి పోరు,
"ఒకటోది చూడలేదు" అని రాసి రెండోదానికి దాటేస్తారు.
వార్డులో మందుల కంపు తప్ప
చేతికందే వాసన ఏముంటుంది?
నా కోటు జేబులో కాఫీపొడి డబ్బా ఉంటుంది.
తోటివాళ్లకి వేళాకోళం.

ఇంకో జేబులో హెల్డుర్ ఇచ్చిన శృతిదండం.
"దీని గొంతు మరీ హెచ్చు, కాలి ఎముకకి పనికిరాదు,
మనకి మంద్రం కావాలి" అన్నారు వైక్‌మాయె.
పనికిరాదు.
తీసి పక్కన పెట్టలేదు.

ఇవాళ నాలుగో మంచం, సాల్మె, ఎనభై ఒకటి.
"కళ్లు మూసుకోండి. ఇదేమిటో చెప్పండి."
చాలాసేపు పీల్చింది.
నేను కాచుకున్నాను,
ఏదో ఆదివారం కోసం, ఏదో వంటగది కోసం,
చచ్చిపోయిన ఎవరో ఒకరి కోసం.
"కాఫీ" అంది. "పాతబడిపోయింది. మార్చు."

ఒకటో నాడి బాగుంది, అని రాశాను.
ఇక రెండోది. టార్చి తీశాను.
ఆవిడ ఇంకా కళ్లు తెరవలేదు.

టార్చి ఆర్పి
తలుపు పక్కనున్న కుర్చీ
దగ్గరికి లాక్కున్నాను.